చేపల పురిటిల్లు

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే రంగనాయకులు శెట్టికి చేపలు పట్టే పిచ్చి ఉందని ఊరందరికీ తెలుసు. తెలియదని ఆయన ఒక్కడే అనుకునేవాడు. ఆదివారం తెల్లారగానే గాలపు కర్రను పాత గొడుగు గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని త్రిపురాంతకం బస్సు ఎక్కేవాడు. మండే ఎండల్లో కూడా ఆ గొడుగును విప్పగా చూసినవాడు లేడు. "ఏం శెట్టిగారా, ఇయ్యాల వానొస్తాదంటారా?" అని కండక్టరు ముఖం బిగబట్టి అడిగేవాడు. "ఏమో నాయనా, మన జాగ్రత్తలో మనం ఉండాల" అని శెట్టి అంతే గంభీరంగా జవాబిచ్చేవాడు. వెనక సీట్లలో ఎవరో ఒకరికి అప్పుడే దగ్గు వచ్చేది.

కోమటింట పుట్టిన మనిషి. నీచు వాసన తగిలితే సందు మార్చి నడిచే వంశం. పట్టిన చేపను తినడు, అమ్మడు, ఇంటికి తేడు. మరి ఆ పట్టడం ఎందుకయ్యా అంటే, గాలపు తాడుకు కట్టిన బెండు బుడుంగున మునిగే ఆ ఒక్క క్షణం కోసం. అప్పుడు దుకాణం గుర్తుండదు, గనిలో పగిలిపోయిన పలకలు గుర్తుండవు, పురిట్లోనే కళ్లు మూసిన ఇద్దరు బిడ్డలు కూడా గుర్తుండరు. ఆ తర్వాత మళ్లీ అన్నీ గుర్తొస్తాయనుకోండి. అందుకే వచ్చే ఆదివారం మళ్లీ బస్సెక్కేవాడు.

ఇంటికి తిరిగొచ్చేసరికి ఆయన భార్య అనంతలక్ష్మి పెరటి తలుపు దగ్గర రెండు బిందెల నీళ్లు పెట్టి ఉంచేది. 

"గుడికి పోయొచ్చినారా?" 

"ఆఁ, పోయొచ్చినా." 

"మంచి దేవుడే. ప్రసాదం బదులు చేతులకు పొలుసులు పెట్టి పంపిస్తా ఉండాడు." 

ఆ మాట అంటూనే తలమీద నీళ్లు గుమ్మరించేది. అంతకుమించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. పిల్లలు లేని ఇంట్లో మగవాడికి ఏదో ఒక ఆట ఉండాలని ఆమె అనుకుందో ఏమో.

ఆయన దేవుడు ఉండేది పైడిచెరువులో. బస్సు దిగి రాళ్లదారిన కాస్త నడవాలి. ఒకపక్క పాత కట్ట, లోతు నీళ్లు. రెండోపక్క వాగు వచ్చి కలిసేచోట మాత్రం ఎంత దూరం పోయినా మోకాలు దాటని నీళ్లు, తుంగ, నాచు, మెత్తని బురద. మార్కాపురం గుమాస్తాలు, పొదిలి పంతుళ్లు, పొద్దుపోని పెన్షనుదార్లు, గాలం సరదా ఉన్న ప్రతివాడూ ఆ పల్లపు నీళ్ల ఒడ్డునే చేరేవాడు. వాళ్లందరికీ గాలానికి గుచ్చే ఎర్రలు తవ్వి ఇచ్చేది కాశమ్మ. కొబ్బరిచిప్పలో తడిమట్టి, మట్టిలో ఎర్రలు.

కాశమ్మ బెస్తామె. మొగుడు పోయి చాలా కాలమైంది. ఎర్రలు అమ్ముకుంటూ, ఆ మోకాలి నీళ్లలోనే బుట్టతో పరిగెలనే చిన్న చేపలు దేవుకుని, ఎండబెట్టి, పొదిలి సంతలో అమ్ముకుని బతికేది. వలలు లాగే మగవాళ్లది లోతు నీళ్లు, ఆడవాళ్లది పల్లపు నీళ్లు, పుట్టినప్పటి నుంచీ చూసిన పద్ధతి అది. శెట్టి పట్టిన చేపలన్నీ ఆమె బుట్టలోకే పోయేవి. 

"నువ్వు పడతావు, నేను తింటా. మన ఇద్దర్లో పాపమెవరికి శెట్టీ?" అని నవ్వేది. 

"సగం సగం పంచుకుందాం లేక్కా" అనేవాడు.

ఆ చెరువుకు ఒక కట్టుబాటు ఉంది. తొలకరికి వాగు పారి కొత్తనీళ్లు దిగగానే కడుపుతో ఉన్న చేపలు లోతు వదిలి తుంగలోకి ఎక్కివస్తాయి, గుడ్లు పెట్టడానికి. అది చూసి కాశమ్మ తుమ్మ గుంజలు తెచ్చి ఆ పల్లం చుట్టూ నాటేది. మొదటి గుంజకు వేపమండ కట్టేది. బాలింతరాలున్న గది గుమ్మానికి కట్టినట్టే. దాని పేరే చేపల పురిటిల్లు. దసరా వెళ్లేదాకా ఆ గుంజల లోపల వల వేయకూడదు, గాలం వేయకూడదు, కాలు పెట్టకూడదు. ఎంత మొండివాడైనా ఆ మండను చూసి వెనక్కి తిరిగేవాడు. ఆ తర్వాత అందులో పుట్టిన పిల్లచేపలే చెరువంతా నిండేవి. కాశమ్మకు ముందు ఆమె అత్త నాటేది, అత్తకు ముందు అత్త అత్త.

మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు శెట్టి నవ్వాడు. "చేపలకు పురుడేందక్కా!" అన్నాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. తన ఇంట్లో అట్లాంటి గుమ్మం ముందు రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ వట్టి చేతులతో వెనక్కి వచ్చిన మనిషి. ఆ రోజు గాలం వేయకుండా ఊరికే కూర్చుని వచ్చేశాడు. అప్పటినుంచి ప్రతి ఏడూ గుంజలు నాటే రోజున దుకాణం మూసి మరీ వచ్చేవాడు.

ఇట్లా ఉండగా ఆంధ్రరాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు. అప్పట్లో మార్కాపురం ఆ జిల్లాలోదే, అంటే రాజధాని మన జిల్లాకే వచ్చింది. డేరాల్లో ఆఫీసులు పెట్టుకున్నారని విని మార్కాపురం వాళ్లు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. ఇక మన కరువు సీమను పట్టించుకునే నాథుడు దొరికాడనుకున్నారు. నిజంగానే ఒకరోజు పైడిచెరువు మీదికి జీపు వచ్చింది. అందులోంచి విశ్వాసం గారని ఒక ఓవర్సీరు దిగాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చెరువు ఒడ్డున బంగళా కడతారట. బస్సు వచ్చేట్టు రోడ్డు వేస్తారట. పల్లపు ఒడ్డంతా బురద లేకుండా చదును చేసి వాలుగా బండలు పరిచి మెట్లు కడతారట. కర్నూలు నుంచి పెద్ద ఉద్యోగస్తులు సెలవులకు వచ్చి చేపల వేట ఆడుకుంటారట. వాళ్లు వస్తే వంటవాడు, తోటమాలి, కాపలావాడు, ఊళ్లో కుర్రాళ్లకు పనులే పనులు. ఊరు ఊరంతా శ్రమదానానికి పారలు పట్టుకుని సిద్ధమైంది.

అందరికన్నా సంతోషించింది శెట్టే. ఇన్నేళ్లూ గొడుగు గుడ్డలో దాచుకున్న పిచ్చి ఒక్కసారిగా సర్కారు వారి సరదా అయిపోయింది! కమిటీలో ఆయన్ను కూడా వేశారు. ఆ వారం గాలపు కర్రను బహిరంగంగా భుజాన వేసుకుని బస్సెక్కాడు. కండక్టరు వాన మాట ఎత్తకుండా టిక్కెట్టు చించి ఇచ్చాడు.

ఆ సంతోషం ఎంతసేపో నిలవలేదు. ఓవర్సీరు గారు ఒడ్డున నిలబడి, బండలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పరుస్తారో చేత్తో చూపించాడు. చూపించిన మేరలోకి పురిటిల్లు మొత్తం వచ్చేసింది. పక్కనే నిలబడ్డ కాశమ్మ శెట్టి ముఖంలోకి చూసింది. ఆ పల్లం పోతే ఆమెకు పరిగెలు లేవు, ఎర్రలు కొనేవాళ్లు లేరు, ముద్ద లేదు.

"ఓవర్సీరు గారా, ఒక్క ఆదివారం నాతో కూర్చోండి" అన్నాడు శెట్టి.

ఆయన వచ్చాడు. ప్యాంటు మడిచి బురదలో కూర్చున్నాడు. కొరమీను ఒకటి గాలానికి తగిలి కర్ర వంగేసరికి చిన్నపిల్లాడిలా కేక వేశాడు. అప్పుడు శెట్టి పురిటిల్లు సంగతి అంతా చెప్పాడు. విశ్వాసం గారు ఓపికగా విన్నాడు. గుంజలు చూశాడు. అది చైత్రమాసం, నీళ్లు ఎక్కడో లోపలికి పోయాయి, కిందటేడు నాటిన గుంజలు మాత్రం ఎండిన మట్టిలో వరసగా నిలబడి ఉన్నాయి. 

"రెండూ చేద్దాం శెట్టిగారూ. ఈ గుంజల లోపల ఒక్క బండ కూడా పరచం. చుట్టూ గోడ పెడదాం, వాగు రావడానికి, చేపలు ఎక్కడానికి దారులు వదులుదాం. మెట్లు మెట్లే, పురిటిల్లు పురిటిల్లే" అన్నాడు.

ఈ కథలో చెడ్డవాడు ఒక్కడుంటే ఎంత బాగుండేది! వాడి పేరు చెప్పి నాలుగు తిట్లు తిట్టి మనశ్శాంతిగా ఉండేవాళ్లం. నాకు ఆ అదృష్టం కూడా లేదు. విశ్వాసం గారు మాట తప్పలేదు. గుంజల లోపల ఒక్క బండ కూడా వేయనివ్వలేదు. కాశమ్మ కూడా గోడ అనగానే చేతులెత్తి దండం పెట్టింది. ఊళ్లో ఎనుములు మేతకొచ్చి తుంగను తొక్కేస్తున్నాయని ఏటా ఏడ్చేది ఆమే. 

"నిలువు బండలు నాటితే చాలు దొరా, చేలకు నాటుకుంటామే అట్ల" అంది.

ఆ సీమలో బండలకేం కొదవ. పలకకు పనికిరాని రాయి శెట్టి గని దగ్గర గుట్టలుగా పడి ఉంది. బండ్లకెత్తి పంపాడు. ఓవర్సీరు అంచనాలో ఉన్నది బండలు మట్టిలో నాటడం వరకే. శెట్టికి అది చాలలేదు. దుకాణాల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కాపాడటమంటే గోడ, గోడంటే కదలనిది. సిమెంటు దొరకని రోజులవి. పర్మిట్ల కోసం కర్నూలు పోయి ఆఫీసుల వరండాల్లో పడిగాపులు పడి, సొంత ఖర్చుతో తెప్పించాడు. గుంజ పీకినచోటల్లా పునాది తీయించి, బండకూ బండకూ మధ్య సిమెంటు పూయించాడు. మేస్త్రీ పక్కన తానే కూర్చుని నీళ్లు చల్లాడు.

కాశమ్మ చూసి, "సిమెంటెందుకు శెట్టీ? ఊరికే నాటితే చాలు గదా" అంది.

"గట్టిగా ఉండాలక్కా. నేను పోయినా ఇది ఉండాల."

బిడ్డల్లేనివాడు, ముచ్చటపడి కట్టిస్తున్నాడు, మధ్యలో నేనెందుకు అడ్డం చెప్పాల అనుకుంది కాశమ్మ. గోడకు వాగువైపు ఒక నల్లపలక అతికించి, దాతగా ఆయన పేరు చెక్కారు. అనంతలక్ష్మి కూడా ఒకసారి బండి కట్టించుకుని వచ్చి చూసింది. పలక మీద పేరును కొంగుతో తుడిచింది.

బంగళా ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కర్నూలు నుంచి వచ్చిన పెద్దలు మెట్ల మీద కుర్చీలు వేసుకుని కాసేపు గాలాలు వేశారు. నీళ్లు మెట్లకు దూరంగా ఉన్నాయని నవ్వుకుని, వానలు పడ్డాక వస్తామని వెళ్లిపోయారు.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. ఆషాఢం పొడిగా పోయింది, శ్రావణం పొడిగా పోయింది. భాద్రపదంలో ఒక మంచి వాన కురిసి వాగు పారిందని తెలియగానే శెట్టి దుకాణం మూసి పరుగెత్తాడు. బస్సు ఇప్పుడు చెరువుదాకా వస్తోంది. దిగి చూశాడు.

చెరువు సగం కూడా నిండలేదు. నీళ్లు గోడకు చాలా దిగువన, కొత్తగా పరిచిన బండల మధ్యలో ఆగిపోయాయి. గోడ లోపల వాగు సన్నగా పారి జారిపోతోంది. నిలవడానికి అక్కడ నీళ్లే లేవు. కిందటేడు వానలు విపరీతం, నీళ్లు అంతదూరం ఎక్కాయి, గుంజలు అక్కడ నాటింది అందుకు. ఈ ఏడు పురిటిల్లు ఉండాల్సింది ఇక్కడ, ఈ బండల మీద.

ఆ బండల మీదే కాశమ్మ ఉంది. తుమ్మ గుంజలు తెచ్చుకుంది. ఒక గుంజ మొన బండ మీద పెట్టి రాయితో కొడుతోంది. గుంజ దిగదు. ఇంకో బండ సందులో పెట్టి కొట్టింది. చీలిపోయింది. వేపమండ పక్కన పడి ఉంది.

"వచ్చినావా శెట్టీ! గోడను కిందికి జరిపించు, తొందరగా. చేపలు ఎక్కొస్తా ఉండాయి."

"గోడను జరిపేదేందక్కా?"

"ఏటేటా జరుపుతాం గదా. నీళ్లు యాడుంటే పురిటిల్లు ఆడ. నువ్వు చూడలేదా? ఏటా వచ్చి నా పక్కనే నిలబడినావే!"

చూశాడు. ఏటా చూశాడు. ఆమె గుంజలు నాటడం చూశాడు, మండ కట్టడం చూశాడు, కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. ఎక్కడ నాటుతోందో మాత్రం చూడలేదు. గుడి ఒకచోటే ఉన్నట్టు ఇదీ ఒకచోటే ఉంటుందనుకున్నాడు.

"ఉత్త బండలైతే మేమే పీకి నాటుకునేవాళ్లం" అంది కాశమ్మ మెల్లగా. "ఇన్ని బండలు ఇస్తా ఉంటివి, ఏటా జరుపుకునేదానికే గదా అనుకుంటి. సిమెంటు ఎందుకు పూస్తావో నాకు తెలియలేదు శెట్టీ. మీ పద్ధతేమో అనుకుంటి."

అప్పటికే చేపలు ఎక్కుతున్నాయి. పలుచని వాగునీటికి ఎదురీది, కడుపులు బండలకు రాసుకుంటూ పైకి వస్తున్నాయి. తుంగ లేదు, నాచు లేదు, బురద లేదు. నున్నని రాయి మీద పొర్లుతున్నాయి. కొన్నిటి కడుపుల నుంచి గుడ్లు జారి ఆ నీటితోనే కిందికి కొట్టుకుపోతున్నాయి. ఊరు ఊరంతా బుట్టలతో దిగింది. ఇంత సులువుగా చేప దొరికిన రోజు ఎవరికీ గుర్తులేదు. కాశమ్మ చేతులు చాపి అడ్డం నిలబడింది. "పురిటివిరా, ముట్టుకోవద్దండిరా!" అని అరిచింది.

"గుంజలు లేవే అత్తా! నీ పురిటిల్లు ఆ పైన గోడలో ఉంది గదా. దాంట్లో మేం కాలు పెట్టలేదు" అని ఒకడు అన్నాడు. వాడు వెక్కిరించడానికి అనలేదు, నిజంగానే కట్టుబాటుకు భయపడే మనిషి వాడు.

శెట్టి చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాడు. గుడ్లతో బరువెక్కిన కొరమీనును రెండు చేతులా ఎత్తి పంచె కుచ్చిళ్లలో పెట్టుకుని గోడవైపు పరుగెత్తాడు. వాలు బండల మీద కాలు జారింది, మోకాలు పగిలింది, లేచి మళ్లీ పరుగెత్తాడు. గోడ లోపల తుంగ ఎండి ఉంది. దాని మొదట్లో వాగునీరు చీలమండకు కూడా రాదు. చేపను అక్కడ దింపితే పక్కకు ఒరిగిపోయింది. నిలబెట్టి పట్టుకున్నాడు. వదిలితే మళ్లీ ఒరిగింది. అట్లా చాలాసేపు కూర్చున్నాడు, అది నోరు తెరవడం మానేసేదాకా. తలెత్తితే ఎదురుగా నల్లపలక మీద తన పేరు ఉంది.

కిందికి వచ్చేసరికి కాశమ్మ చీర ఎగదోపి నీళ్లలో ఉంది. బుట్ట నింపుకుంటోంది. ఆమె ఆయన వైపు చూడలేదు.

"నేను పట్టకపోతే మాత్రం బతుకుతాయా? ఎవడో ఒకడు పడతాడు" అంది. కాసేపటికి, "పురిట్లో చెయ్యి పెట్టినా శెట్టీ. మా అత్త చూస్తా ఉంటే నా మొహాన ఉమ్మేస్తాది" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే పట్టింది. శెట్టికి ఆమెను పట్టుకుని తానూ ఏడవాలనిపించింది. ఒడ్డున నిలబడి ఊరికే చూశాడు.

ఆ కార్తీకంలో రాజధాని హైదరాబాదుకు పోయింది. వానలు పడ్డాక వస్తామన్న పెద్దలు ఎవరూ రాలేదు. బంగళాకు తాళం పడింది. విశ్వాసం గారికి బదిలీ అయింది. పోయేముందు శెట్టి దుకాణానికి వచ్చి, గోడ పగలగొట్టించడానికైనా, బండలు పీకించడానికైనా పైనుంచి ఉత్తర్వు రావాలని, తాను రాశానని, జవాబు రాలేదని చెప్పి తలవంచుకుని కూర్చున్నాడు. పిల్లచేప పుట్టని చెరువులో గాలాలు వేసేవాళ్లు వేసి వేసి విసుగొచ్చి మానుకున్నారు. ఎర్రలు కొనేవాళ్లు లేరు. వేసవికి చెరువు నడిమిదాకా ఎండింది. మిగిలిన నాలుగు చేపలనూ ఊరివాళ్లు బురదలో వెతికి పట్టుకున్నారు.

కాశమ్మ మార్కాపురం వచ్చింది. "నీ గని కాడ పనేమన్నా ఉందా శెట్టీ?" అని అడిగింది. ఉందన్నాడు. లేదని ఏ నోటితో అంటాడు? పలకలు నున్నగా రుద్దే పనిలో పెట్టాడు. రోజంతా రాతిపొడి. దుకాణం నుంచి గని దగ్గరకు పోయినప్పుడు ఆమె కూర్చున్న వైపు ఆయన వెళ్లేవాడు కాడు.

మరుసటేడు వానలు దంచికొట్టాయి. ఆదివారం నాడు ఇద్దరూ ఒకే బస్సులో పైడిచెరువుకు పోయారు. గాలపు కర్ర ఇంట్లోనే ఉంది. చెరువు నిండింది. నీళ్లు బండలన్నీ మునిగి, సరిగ్గా గోడ లోపలికి వచ్చి ఆగాయి. గోడ లోపల మోకాలి లోతు నీళ్లు, పచ్చని తుంగ, కమ్మని బురద వాసన. వదిలిన దారులు వదిలినట్టే ఉన్నాయి. కాశమ్మ వేపమండ విరిచి తెచ్చి గోడ మొదటి బండకు కట్టింది. ఇద్దరూ ఒడ్డున కూర్చున్నారు.

పొద్దు నెత్తికెక్కింది, పొద్దు వాలింది. నీటి మీద ఒక్క బుడగ లేవలేదు. తుంగ ఒక్కచోట కూడా కదల్లేదు. 

"రేపు చూద్దామా అక్కా?" అన్నాడు శెట్టి. 

"రేపు పనుంది గదా" అంది కాశమ్మ. కొంగు దులుపుకుని లేచింది.

ఇల్లు చేరేసరికి పెరటి తలుపు దగ్గర ఎప్పటిలాగే రెండు బిందెల నీళ్లు ఉన్నాయి. 

"గుడికి పోయొచ్చినారా?" అంది అనంతలక్ష్మి. 

ఆయన చేతులు చాపాడు. ఆమె ఆయన చేతులు అందుకుని వాసన చూసింది. తిప్పి మళ్లీ చూసింది. 

"ఏమీ లేదే. ఈపొద్దు స్నానమెందుకు, లోపలికి రండి, అన్నం పెడతా." 

"నీళ్లు పొయ్యి" అన్నాడు రంగనాయకులు, పెరట్లో రాతి మీద కూర్చుంటూ. "చావింటి నుంచి వచ్చినా."

అనంతలక్ష్మి బిందె ఎత్తి ఆయన తలమీద నీళ్లు పోసింది.